గుండుబిడ్డను గీసిన అయ్యవారు

మా పక్కింటి డ్రాయింగు అయ్యవారు మొన్న మంగళవారం పోయారు. పొద్దున పాలు తీసుకుందామని తలుపు తీస్తే ఆయన భార్య మా గడప ముందు నిలబడి ఉంది. "అయ్యవారు ఎంత లేపినా లేస్తా లేడక్కా" అంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకు చూశాను. ఇక లేపే పని లేదని నేనే చెప్పవలసి వచ్చింది.

ఆయన హైస్కూలులో బొమ్మలు నేర్పేవారు. అయితే తిరుపతిలో చాలామంది ఆయనను తలచుకునేది గుండుబిడ్డ వల్ల. ఇప్పుడు ఆగిపోయిన ఒక వారపత్రికలో మూడు గడుల బొమ్మగా అది వచ్చేది. రేణిగుంట స్టేషను మొదలు చిత్తూరు బస్టాండు దాకా ఆ పత్రిక తెరవగానే ముందు ఆ పేజీకే పోయేవారు. నున్నటి గుండు, మోకాళ్ళ దాకా చొక్కా, కాళ్ళకు చెప్పులు. ఆ బిడ్డకు పేరు లేదు. బొమ్మలో పెద్దవాళ్ళు "బిడ్డా" అనే పిలుస్తారు. వేరే ఊరిలో అయితే గుండెందుకని అడిగేవారేమో. మా ఊరిలో ఆ మాట ఎవరికీ తోచలేదు. కొండ మీద మొక్కు తీర్చుకుని వచ్చింది, అంతే. మావాళ్ళు అడిగింది ఒకటే: అది ఆడబిడ్డా, మగబిడ్డా?

ఒకసారి వడమాలపేటకు బస్సులో పోతున్నాను. ముందు సీట్లో ఇద్దరు వాదులాడుకుంటున్నారు.

"మగబిడ్డే అబ్బా. ఆడబిడ్డయితే చెవులకు కమ్మలు గీసుండడా?"

"మా చెల్లెలి కూతురికి ఇంకా చెవులు కుట్టనే లేదు. అది మగబిడ్డా?"

"పోయిన వారం చింతచెట్టెక్కింది సూడలేదా?"

"మాయమ్మ ఇప్పుడు కూడా ఎక్కతాది!"

"మీ స్టాపొచ్చింది, దిగండప్పా" అన్నాడు కండక్టరు. "ఆ బిడ్డ సంగతి ఇంట్లో పెద్దోళ్ళను పిలిచి తేల్చుకోండి."

పత్రిక ఆఫీసుకు కార్డులు వచ్చిపడేవి. ఒక రిబ్బనో, ఒక నిక్కరు జేబో గీసి గొడవ తేల్చమని ఎడిటరు చెప్పి పంపేవాడు. అయ్యవారు రెండూ గీయలేదు.

ఆయన పద్ధతులు ఆయనవి. పెన్సిలు బ్లేడుతో చెక్కి, ఆ పొట్టు నేల మీద పడనీయకుండా చొక్కా జేబులో వేసుకునేవారు. పెళ్ళి పత్రికల వెనకవైపు బొమ్మలు వేసేవారు. మనిషి ఎదురొస్తే మొదట కాళ్ళు చూసేవారు. పిల్లలకూ అదే చెప్పేవారు: "ముందు కాళ్ళు గీయండి. మనిషి యాడ నిలబడినాడో తెలిస్తే మొహం దానంతటదే వస్తాది." నాకది వింతగా ఉండేది. నేను లెక్కలు చెప్పిన మనిషిని. ఏదైనా పైనుంచి కిందికి రావాలనే నా అలవాటు.

ఇప్పుడు మా మనవరాలి సంగతి చెప్పాలి. గుండుబిడ్డ మొదలు కావడానికి కొంచెం ముందే దానికి తల మీద అక్కడక్కడ జుట్టు రాలిపోయింది. పేనుకొరుకుడు అన్నారు. డాక్టరు గుండు చేయించి మందు పూయమన్నాడు. మొదటిసారి గుండు చూసి మొక్కనుకున్నారు. రెండోసారీ మొక్కే అనుకున్నారు. మూడోసారికి వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. బడిలో పిల్లలు బొమ్మ మీద వాదన తేల్చేశారు: "గుండుబిడ్డ మగోడే. నువ్వు కూడా మగోడివే పోరా." పిల్ల బడి మానేసింది. బతిమాలాను, కసిరాను. మంచం కోడు పట్టుకుని వదలలేదు.

నేను నేరుగా పక్కింటికి వెళ్ళాను.

"మీ బొమ్మ వల్ల మా బిడ్డ బడి మానేసింది. గుండుబిడ్డ ఆడబిడ్డ అని ఈ వారం రాయండి. ఒక్క రిబ్బను కట్టండి, చాలు" అన్నాను.

"రిబ్బను యాడ కట్టేది టీచరమ్మా? గుండు మీద నిలస్తాదా?"

నేను నవ్వలేదు. ఆయన సర్దుకున్నారు.

"ఆడబిడ్డ అని రాస్తే రేపట్నించి చెట్టెక్కనీరు. మగబిడ్డ అంటే ఏడవనీరు. ఇప్పుడు రెండూ చేసుకుంటా ఉండాది. ఉండనీండమ్మా."

"మీ బొమ్మ చెట్టెక్కకపోతే ఎవరి కొంపా మునగదు. నా మనవరాలు బడికి పోవల్ల."

అప్పటికే పిల్ల నా వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. నేను చూసుకోలేదు.

"సార్, దానికి జుట్టు వస్తాదా?" అంది.

ఇంతమందిలో ఆ ప్రశ్న అడిగినవారు లేరు. అయ్యవారు పెన్సిలు కింద పెట్టారు. వస్తుందని అనేస్తే సరిపోయేది. ఆయన అనలేదు.

"తెలీదు తల్లీ. ఆ సంగతి నా చేతిలో లేదు. అయినా అది జుట్టొచ్చేదాకా కూర్చోదు. దానికి శానా పనులుండాయి."

"ఏం పనులు?"

"వచ్చే వారం సూడు."

మరుసటి వారం మూడు గడులు లేవు. పేజీ అంతా ఒకటే బొమ్మ. కొండ మీద కల్యాణకట్ట ముందు జనం. తల్లులు, తండ్రులు, అవ్వలు, పిల్లలు, అందరివీ గంధం పూసిన గుండ్లే. మధ్యలో ఒక తండ్రి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "మా బిడ్డ యాడ?" అంటున్నాడు. ఆ కొండ మీద అలా వెతకని కుటుంబం మా ఊరిలో ఉండదు. గుండుబిడ్డను కనుక్కోండి అని కింద రాసి ఉంది.

ఆ పేజీ పట్టుకుని దాని క్లాసు పిల్ల ఒకతె మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "మే, నువ్వు సూడు. క్లాసులో ఎవురికీ కనబడ్లే."

మా మనవరాలు మంచం మీద నుంచే చూసింది. వెంటనే మూలన కొళాయి దగ్గర వేలు పెట్టింది. అక్కడొక చిన్న గుండు. ఎడమ చెప్పు కుడికాలికి, కుడి చెప్పు ఎడమకాలికి. "చెప్పులు సరిగ్గా వేసుకో" అని నేను రోజూ కసిరేది మా మనవరాలినే. అది తన కాళ్ళు చూసుకుంది. తరువాత నన్ను చూసింది. వేలు తీసేసి, "రేపు బడిలో చెప్తాలే" అంది ఆ పిల్లతో.

మర్నాడు బడికి వెళ్ళింది. ఆ రోజంతా పిల్లలు దాని చుట్టూ తిరిగారట. దొరికిన బిడ్డను చూపింది గాని, ఎలా గుర్తుపట్టిందో చెప్పలేదు. అయ్యవారు నాతో ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో చేసిన పాయసం మాత్రం ఒక గిన్నెడు పంపాను.

జుట్టు నిదానంగా వచ్చింది. ఇప్పుడు మా మనవరాలు కార్వేటినగరంలో పనిచేస్తోంది, నడుం దాకా జడ. కబురు తెలియగానే మొదటి బస్సుకే వచ్చింది.

అయ్యవారి ఇంటి ముందు వచ్చినవాళ్ళ చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. ఆయన ఉండి ఉంటే వాటినే చూస్తూ నిలబడేవారు. వరండాలో ఒక పెద్దాయన మెల్లగా అడిగాడు: "ఇంతకీ ఆ గుండుబిడ్డ ఆడబిడ్డా, మగబిడ్డామ్మా?"

"నేనూ అడిగినా అన్నా" అంది ఆయన భార్య కళ్ళు తుడుచుకుంటూ. "నీకెవరు కావల్లో వాళ్ళే అనుకో పో, అనె."

పెద్దాయన మా మనవరాలి వైపు తిరిగాడు. "పక్కింట్లో పెరిగినావు కదా, నీకన్నా చెప్పినాడా?"

"లేదు తాతా" అంది.

అయ్యవారిని తీసుకుపోయాక మేమిద్దరం బయటికి వచ్చాం. అది గుట్టలో తన చెప్పులు వెతికి తీసింది. ఎడమది కుడికాలికి, కుడిది ఎడమకాలికి వేసుకుంది. అలాగే, కొంచెం తడబడుతూ, మా గడప దాకా నడిచింది. నేను వెనకాలే నడిచాను.