ఆకుపచ్చ చీరతో చెప్పిన అబద్ధం

హన్మకొండలో ఒక కంటి దవాఖాన ముందు, పట్టపగలు, అంతమంది చూస్తుండగా నా పరువు ఎలా పోయిందో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా ఆవిడ సరోజ అప్పట్నుంచి నవ్వుతూనే ఉంది.

అప్పట్లో నాకు చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. సాయంత్రమైతే దోస్తులంతా చేరేవాళ్లు. చిక్కటి చాయ్, అందులో ముంచిన బిస్కెట్. తలచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. నాకు షుగర్ వచ్చిందన్న సంగతి ఒక్క సరోజకే గుర్తుండేది.

"షుగరున్నోళ్లు ఏడాదికోపారి కండ్లు చూపించుకోవాల్నట. జర దవాఖానకు పోదాం పా," అనేది.

"నా కండ్లకేమైంది? గా ఎదురు దుకాణం బోర్డు ఇక్కడికెళ్లే చదువుత, ఇను," అని గడగడా చదివేవాణ్ణి. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి చూస్తున్న బోర్డు అది. కళ్లు మూసుకున్నా చదవగలను.

చివరికి ఆమె పోరు పడలేక వెళ్లాను. సరోజను బయట బల్ల మీద కూర్చోబెట్టి ఒక్కణ్ణే లోపలికి నడిచాను. డాక్టరమ్మ కళ్లలో చుక్కలు వేయించి, కాసేపయ్యాక లైటు పెట్టి చాలాసేపు చూసింది.

"కంటి వెనక పొర మీద సన్న రక్తనాళాలు దెబ్బతింటున్నయండి. షుగర్ చేసే పనే ఇది."

"నాకు మంచిగనే కనబడుతాంది గద, మేడం?"

"మొదట్ల ఏం తెల్వదు. తెలిసేసరికి చూపు పోతది. ఇప్పుడే షుగర్ అదుపుల పెడితే కాపాడుకోవచ్చు. మీ ఇంట్లోవాళ్లను పిలువుండ్రి, చెప్త."

సరోజకు తెలిస్తే సాయంత్రం చాయ్ బందవుతుందన్న భయం చూపు పోతుందన్న భయాన్ని పక్కకు నెట్టేసింది.

"ఇంట్లోవాళ్లు రాలే, మేడం. నేను చెప్త," అని బయటపడ్డాను.

చుక్కల మందు పుణ్యమా అని, ఎండ నా కళ్లలోకి బిందెలతో కుమ్మరించినట్టుంది. ఆ వెలుగులో ఆకుపచ్చ చీర ఒకటి కనిపించింది. పొద్దున సరోజ కట్టింది అదే. దగ్గరికి వెళ్లాను.

"పా సరోజా. డాక్టరమ్మ మస్తు మెచ్చుకున్నది. పడుసు పిల్లగాని కండ్ల లెక్కున్నయట. ఆ సంచి ఇటియ్యి, చాయ్ తాగి పోదాం."

సంచి రాలేదు. కొంచెం గట్టిగా లాగాను.

"ఎవలయ్యా నువ్వు? నా సంచి ఎందుకు గుంజుతానవ్?" అంది ఆకుపచ్చ చీర.

నా వెనక నుంచి చాలా శాంతమైన గొంతు వినిపించింది. "ఏమనుకోకక్కా, మా ఆయనే. కండ్లు పడుసు పిల్లగాని లెక్కున్నయట. పెండ్లాన్ని గుర్తువట్టుడొక్కటే వస్తలేదు."

నా మణికట్టు పట్టుకొని మళ్లీ లోపలికి నడిపించింది.

"ఇంట్లోవాళ్లు రాలేదన్నరు?" అంది డాక్టరమ్మ.

"వచ్చిన మేడం. ఈయనకే కనబడలే," అంది సరోజ.

ఆ సాయంత్రం నుంచే నా చాయ్‌లో చక్కెర బంద్. ఏడాదికోసారి కంటి పరీక్షకు సరోజే దగ్గరుండి తీసుకెళుతుంది. చూపు ఇప్పటికీ నిలకడగానే ఉంది. దుకాణం మూసేశాను, దోస్తులు తలో దిక్కు అయ్యారు. ఆ చాయ్ మాత్రం అప్పుడప్పుడు కలలోకి వస్తుంది.

కనుక పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పెళ్లాంతో అబద్ధం చెప్పాల్సి వస్తే, ఆమె నా పెళ్లామేనని నిర్ధారించుకున్నాకే నోరు తెరుస్తాను.