వెండి గిన్నె, ఇత్తడి గిన్నె

ఏండ్ల తరబడి దీన్ని మోస్తా ఉండాను. ఇంట్లో ఆమెకి కూడా చెప్పలా. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్తా ఉండాను.

ఎనభైలలో చిత్తూరులో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. మా చర్చిలో సంఘ పెద్దని కూడా. ప్రభు భోజనంనాడు ఆ చర్చిలో ద్రాక్షారసం తాగను రెండు గిన్నెలు తిరిగేవి. ముందు బెంచీల్లో కూర్చునే మా బోటి ఇండ్లకి వెండిది, వెనక చాపల మీద కూర్చునే మాదిగపల్లె వాళ్ళకి ఇత్తడిది. ఏసుని నమ్ముకున్నాం గానీ గిన్నె కాడ కులం వదల్లా. తప్పని నాకు తెలుసు. తెలిసీ వెండి గిన్నెలోనే తాగినాను.

ఒకరోజు మధ్యయుగపు ఐరోపా పాఠం. ఆ కాలంలో రొట్టె అందరికీ పెట్టి, ద్రాక్షారసం మాత్రం చర్చి గురువులే తాగేవాళ్ళు. బొహీమియాలో జనం మాకూ గిన్నె ఇవ్వండని తిరగబడినారు, దానికోసం ప్రాణాలే ఇచ్చినారు. గొంతు పెంచి భలే చెప్పినాన్లే. పిల్లోళ్ళు నోరు తెరుచుకుని వింటే నాకదో పిచ్చి.

క్లాసైనాక సుగుణ వచ్చింది. చాపల మీద కూర్చునే ఇంటి పిల్ల.

"మన చర్చిలో కూడా అడగొచ్చా సార్?"

"అడుగుమ్మా. నీ పక్కన నేనుంటా."

ఆ ఆదివారమే ఆ పిల్ల లేచొచ్చి ముందు వరసలో మోకరించి, వెండి గిన్నె అందుకుని తాగేసింది. సాయంత్రం పెద్దల ముందు నిలబెట్టినారు. పాస్టరయ్య నా వైపు తిరిగినాడు.

"ఏమప్పా, ఈ పిల్లకి నూరిపోసింది నువ్వేనంట?"

"నేనా? పరీక్షకి పాఠం చెప్పినానంతే అయ్యగారూ. ఈ గిన్నె సంగతి నాకేం తెలుసు?"

సుగుణ నన్ను చూసింది. ఆ పిల్లని సంఘంలోనుంచి వెలేసినారు. అయ్యగారి సిఫార్సు లేక మిషను బడిలో రావాల్సిన టీచరు ఉద్యోగం పోయింది.

ఎందుకు భయపడినాను? నా ఉద్యోగం పోతుందనా? అదేం పోదు. ముందు బెంచీలో నా చోటు పోతుందని, అంతే. ఛీ, దానికా!

కొన్నేండ్లకి రేణిగుంట బస్సులో కనిపించింది, ఫ్యాక్టరీ పనికి పోతా. బస్సు కిటకిటలాడతా ఉండాది. నన్ను చూసి లేచి, "కూర్చోండి సార్" అనింది. కూర్చున్నాను. ఆమె రేణిగుంట దాకా నిలబడే వచ్చింది.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. ఆ సాయంత్రం పెద్దల ముందు అనాల్సిన మాట ఇప్పుడు ఈడ రాస్తా ఉండాను.

అవును అయ్యగారూ. చెప్పింది నేనే.