రెండో చీరకు పెట్టని సున్నా

నేతపని ఇంటి ఆడపిల్లకు కంప్యూటరెందుకని స్టాఫ్‌రూమ్‌లో నాతో గొడవపడిన పెద్దమనుషులారా, ఈ రోజు గోడపత్రిక మీకోసమే.

మధ్యాహ్నం సి ప్రోగ్రాముల పరీక్షకు నేను కాపలా ఉన్నా. తప్పినవాళ్ళ పేరు కోర్సులోంచి తీసేస్తారు. ధర్మవరం నుంచి బస్సులో వచ్చే పద్మావతి, చీరకు ఎన్ని బుటాలో ఎంచే ప్రోగ్రాము రాసింది. మొదటి చీరకు సరిగ్గా వచ్చింది. రెండో చీరకు మాత్రం మొదటి చీర బుటాలు కూడా కలిసి వచ్చినాయి. బుటాల లెక్క దాచే గ్లోబల్ వేరియబుల్‌కు పైన ఒక్కసారి సున్నా పెట్టి వదిలేసింది. ప్రోగ్రాము మొదలైనప్పుడు తప్ప ఆ సున్నా మళ్ళీ రాదు.

పాఠం చెప్పే కుర్రసారు నవ్వినాడు. "ఏమ్మా, కొత్త చీరకు మగ్గం ఖాళీ చేయరా మీ ఇంట్లో?"

"చేయం సార్. పాత పడుగు నిలువుపోగుల కొసలకే కొత్త పోగులు అతుకుతాం. వేల పోగులుంటాయి. మా నాయనకు కండ్లు ఆనవు, అన్నీ నేనే మెలిపెడతాండా."

నవ్వినందుకు అతనితో జగడానికి లేచినా.

"కూచోండి సార్, టైం పోతాండాది" అని ఆ పిల్ల నన్నే కసిరింది!

ప్రోగ్రాములో చీర మారేచోట ఒక వరుస చేర్చి, లెక్కను మళ్ళీ సున్నా చేసింది. రెండో చీరకూ సరిపోయింది. కుర్రసారు ఆ పిల్ల వేళ్ళనే చూస్తా నిలబడిపోయినాడు.

"మార్కులు వేయప్పా" అన్నా.

పద్మావతి పాసైంది. ఇంకా అభ్యంతరముంటే కింద రాయండి, పెన్ను కట్టిపెట్టినా.