ఇంకొక్క పెద్ద కొండ

మోకాలి డాక్టరు తెర మీద ఎముకల బొమ్మ చూపించి, "చలికాలంలో ఆపరేషన్ పెట్టుకుందాం. ఆ తర్వాత పార్కుల్లో నడవండి. కొండలు మాత్రం వద్దు," అన్నాడు.

"ఈలోగా ఒకటి ఎక్కొచ్చా?" అని అడిగింది ప్యో ఇన్సుక్.

డాక్టరు తెర ఆపేశాడు. "ఒకటి. మోకాలికి కట్టు వేసుకుని, చేతికర్రలు పట్టుకుని, ఒకే ఒక్కటి."

అప్పటినుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. కొరియాలోని ఇంచన్ మార్కెట్లో ఆమెది పచ్చళ్ళు, వండిన కూరలు అమ్మే కొట్టు. ఆ వారం ముల్లంగి ముక్కల్లో రెండుసార్లు కారం వేసింది. చేపల పులుసు అడిగిన ఆమెకు సోయా రసంలో ఉడికించిన గుడ్లు కట్టి ఇచ్చింది. ఏ కొండ? పద్నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం కొండలెక్కే సంఘం బస్సెక్కిన మనిషికి ఇంక ఒక్కటే మిగిలిందంటే, అది ఏదై ఉండాలి?

సంఘంలో ఆమెది వెనక దళపతి పదవి. ముందు దళపతి దారి చూపుతాడు. వెనక దళపతి అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి వెనక నడవాలి. ఆ మనిషి కూర్చుంటే తానూ కూర్చోవాలి, లేస్తే లేవాలి, దాటి మాత్రం పోకూడదు. ఇది ఆమె ఒంటికి పడని పని. కొట్లో నిలబడే అన్నం తింటుంది, సిగ్నల్ దగ్గర పచ్చదీపం పడకముందే ఒక కాలు రోడ్డు మీద పెడుతుంది. చేరిన కొత్తలో ఆ పనికి ఎవరూ ముందుకు రాకపోతే తను చెయ్యెత్తింది. ఆ చెయ్యి దించనిచ్చినవాళ్ళు లేరు.

ఒక సాయంత్రం పాత ఫొటోలన్నీ కొట్లో బల్ల మీద పరిచి ఏరడం మొదలుపెట్టింది. చిత్రమేమిటంటే, కొండలకన్నా ముందు ఆమెకు వీపులు గుర్తొచ్చాయి. చిరీసాన్ కొండ అంటే పదకొండు గంటలపాటు కళ్ళముందు ఊగిన ఒక నీలం మాసిక. ఎవరి పంట్లాందో ఇప్పుడు తెలియదు, కుట్టు మాత్రం తెలుసు. సొరాక్సాన్‌లో బ్యాంకు మేనేజరుకు తిన్న కింబాప్ అన్నంచుట్టలు అరక్క మొహం తెల్లబడితే, నాటువైద్యంగా బొటనవేలికి సూది గుచ్చి నల్లరక్తం తీసింది. కింద లోయలో ఆకులన్నీ ఎర్రబడి ఉన్నాయని మర్నాడు ఎవరో చెబితే తెలిసింది. వొల్చుల్సాన్ వేలాడే వంతెన ముందు ఒకావిడ చతికిలబడి, రెండు కీరకాయలు తినేదాకా లేవనంది. తగ్యూసాన్ మంచులో చివరి మనిషి మక్‌గొల్లి అనే బియ్యపు కల్లు తాగి నిద్రపోతే, మేలుకునేదాకా పక్కన గెంతుతూ నిలబడింది, చలికీ, కోపానికీ.

అన్నీ ఇష్టమైనవే. ఏరబోతే ఒక్కటీ చేతికి రాలేదు.

సంఘం అధ్యక్షుడు తాక్ డెబ్బై ఏళ్ళవాడు. పెరిల్లా ఆకుల పచ్చడి కొనే మిషతో వచ్చి ఫొటోల మీదకి వంగాడు.

"చిరీసానే పో చెల్లెమ్మా. ఆలోచించడానికేముంది?"

"అక్కడ మళ్ళీ ఆ మాసికే కనబడుతుందన్నా."

"అయితే సొరాక్. ఈసారి సూది ఇంట్లో పెట్టి వెళ్ళు."

ఇన్సుక్ ఫొటోలు పక్కకి తోసింది. "హల్లాసాన్ పోతాను."

తాక్ పచ్చడి రుచి చూస్తున్నవాడు ఆగాడు. "నువ్వు ఎక్కనే లేదు కదా దాన్ని?"

నిజమే. వెనక దళపతి అయిన ఏడాదే సంఘం జేజు దీవికి పోయింది. హల్లాసాన్ మీద, శిఖరానికి ఇంకా రెండు కిలోమీటర్లపైన దూరం ఉండగా ఒక విడిది ఉంది. మధ్యాహ్నం నిర్ణీత వేళ దాటితే అక్కడ తాడు కట్టేస్తారు, పైకి పోనివ్వరు. అప్పుడు ఆమె ముందున్న మనిషి నెమ్మదిగా నడిచాడు. ఐదు నిమిషాల తేడాతో తాడు పడింది.

"ఎక్కినవాటిలో ఇష్టమైనది ఏరుకోమంటే ఎక్కనిది పట్టుకుంటావేం?" అన్నాడు తాక్. "పైన మబ్బు పడితే? ఉన్న ఒక్క కొండా మబ్బులో పోస్తావా? పైగా ఒక్కదానివే."

"ఒక్కదాన్నే పోవాలి. ఒక్కసారి నా నడక నేను నడవాలి. పచ్చడి పావుకిలో సరిపోతుందా?"

"అర్ధకిలో కట్టు. నీ నోటికి భయపడి కొంటున్నాను."

అక్టోబరులో ఒక మంగళవారానికి అనుమతి దొరికింది. కొట్టు మూసి తొలి విమానం ఎక్కింది. బస్సు దిగి కొండదారిలో అడుగు పెట్టేసరికి ఎనిమిదీ నలభై. తాడు పన్నెండున్నరకి పడుతుంది. మోకాలు బాగున్నవాళ్ళకి మూడు గంటల దారి. ఆమెకి ఇంకో అరగంట. లెక్క సరిపోయింది.

అరగంట నడిచాక దారిలో ఒక ముసలాయన కనిపించాడు, ఒక బూటు చేత్తో పట్టుకుని రాతి మీద కూర్చుని. అడుగుభాగం ఊడి నాలుకలా వేలాడుతోంది.

"కొని ఎన్నేళ్ళయింది?" అంది ఇన్సుక్, అప్పటికే సంచి విప్పుతూ.

"పదేళ్ళు. నాలుగుసార్లు కూడా వేసుకోలేదు చెల్లెమ్మా! భద్రంగా బీరువాలో దాచాను."

"దాచబట్టే ఊడింది. జిగురు ఎండిపోతుంది. మంచివని దాచుకున్నవాళ్ళవే ఊడుతాయి అన్నయ్యా."

టేపు రెండు చుట్లు తిప్పి, ప్లాస్టిక్ పట్టీలు మూడు బిగించింది. పావుగంట పోయింది. ముసలాయన లేచి పది అడుగులు వేసి చూసి, తల ఊపి నడక సాగించాడు. ఇన్సుక్ అతని వెనక నడిచింది.

అంత వెడల్పు చెక్కదారి ఉంది, పక్కనుంచి పోవచ్చు. పోలేదు. పోవాలన్న ఆలోచనే రాలేదు. అతను ఆగితే ఆగింది, నీళ్ళు తాగితే గడియారం చూసుకుంది. పది. పదింబావు. మొదటి విడిది దాటేసరికి పదకొండు.  పిడికిలి బిగించి చేతికర్రలు చెక్కల మీద టకటకలాడించింది. ఈయనకి టైము తెలియదా? తాడు సంగతి తెలియదా? చెబితే బాధపడతాడేమో. ముందున్న మనిషిని తొందరపెట్టకూడదని కొత్తవాళ్ళకి తనే కదా నేర్పింది.

పదకొండూ నలభై ఐదుకి ముసలాయన గిరుక్కున తిరిగాడు.

"చెల్లెమ్మా, బూటు కట్టినందుకు నమస్కారం. కానీ రెండు గంటల పైనుంచి నా మెడ మీద ఊపిరి వదులుతున్నావు. నన్నేమైనా తరుముతున్నావా?"

ఇన్సుక్ కర్రలు ఆపింది. "లేదు... మీకు తోడుగా..."

"తోడా! ఆ కర్రల చప్పుడుకి నా గుండె అదిరిపోతోంది. ఎవరో పోలీసులు వెంటపడినట్టుంది."

"పన్నెండున్నరకి తాడు పడుతుంది అన్నయ్యా. మిమ్మల్ని దాటించాలని."

"నేనెక్కడికి దాటాలి?" ముసలాయన చేతికర్రతో పక్కదారి చూపించాడు. "నేను ఈ సరా కుంట దాకే. నీళ్ళు చూసి దిగిపోతాను. పైకి వస్తానని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు. పద్నాలుగేళ్ళలో ఎవరినైనా అడిగిందా? ఆ నీలం మాసిక మనిషి పదకొండు గంటలూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కాళ్ళ నొప్పి అనుకుంది. తనంటే భయమేమో.

"పో పో," అన్నాడు ముసలాయన, నవ్వుతూనే. "తాడు దాకా ఇంకా ఒకటిన్నర కిలోమీటరుంది."

పోయింది. చేతిలో ఉన్నవి నలభై ఐదు నిమిషాలు. అంతా ఎత్తే. దాటిన మొదటి మనిషికి "క్షమించండి" అంది, రెండోవాళ్ళకీ అంది, ఆ తర్వాత మాట కోసం ఊపిరి మిగల్లేదు. మోకాల్లో కంకర పోసినట్టుంది. కట్టు కిందకి జారింది, సర్దుకోలేదు. విడిది కప్పు కనిపించినప్పుడు గడియారం చూడలేదు, తాడు వైపే చూసింది. కుర్ర ఉద్యోగి ఒకడు తాడు కొస పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాలుగు నిమిషాలుంది పిన్నిగారూ! కానీ ఆ కాలుతో..."

"కాలు నాది," అంటూ దాటేసింది.

ఆపైన ఆమె ముందు ఏ వీపూ లేదు. ఎండి తెల్లబడిన దేవదారు మోళ్ళు, వాటి మధ్యనుంచి సముద్రం. ఎంత వేగంగా నడవాలో కాసేపు అర్థం కాలేదు. ఒకసారి మరీ తొందరగా, ఒకసారి మరీ నెమ్మదిగా నడిచింది.

శిఖరం చేరేసరికి రెండుకి పది నిమిషాలు. శిఖరం మీది అగ్నిపర్వతపు గుంటలో నీళ్ళు అడుగున ఒక పళ్ళెమంత. మబ్బు లేదు. మైకులో అందరినీ దిగమంటున్నారు. శిఖరం పేరు చెక్కిన రాయి దగ్గర ఫొటోల వరుస అప్పటికే చెదిరిపోయింది. ఇన్సుక్ రాయి జోలికి పోలేదు, కంచె పట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ నిలబడింది.

"పిన్నిగారూ, దిగాలి." తాడు దగ్గరి కుర్రాడు కాదు, ఇంకో ఉద్యోగి. నలభై ఏళ్ళవాడు. "అందరూ వెళ్ళిపోయారు."

"పద్నాలుగేళ్ళు ఆగాను బాబూ. నువ్వు రెండు నిమిషాలు ఆగు."

అతను ఆగాడు. ఐదు నిమిషాలు ఆగి, దగ్గాడు.

దిగడం ఎక్కడం కన్నా ఘోరంగా ఉంది. ఒక్కో మెట్టుకీ రెండు కర్రలూ ఆనించి, మంచి కాలు ముందు పెట్టాలా చెడ్డ కాలా అని ప్రతిసారీ తడబడింది. ఆ వేళకి కొండ మీద అందరికన్నా చివరి మనిషి ఆమె. ఆ ఉద్యోగి ఆమె వెనకే, మూడడుగుల దూరంలో, ఒక్క మాటైనా మాట్లాడకుండా నడుస్తున్నాడు. అతని బూట్లు ఆగినప్పుడల్లా ఆమె భుజాలు బిగుసుకుంటున్నాయి. తొందరపడి ఒక మెట్టు తప్పబోయింది.

ఆగి వెనక్కి తిరిగింది.

"నువ్వు వెనక రావాల్సిందేనా?"

"అవునండీ. అదే మా పని."

"అయితే ఏదో ఒకటి మాట్లాడుతూ రా. ఊరికే నడవకు. పెళ్ళయిందా?"

"ఇద్దరు పిల్లలండీ."

"ఆడపిల్లలా, మగపిల్లలా?"

అతను చెప్పడం మొదలుపెట్టాడు. పెద్దదానికి అన్నంలో చేప వాసన పడదు, చిన్నవాడు అత్తగారి కమలాపళ్ళ తోటలో నిచ్చెన మీదనుంచి పడ్డాడు, చెయ్యి విరగలేదు, నిచ్చెన విరిగింది. ఇన్సుక్ ముందుకి తిరిగి, చెడ్డ కాలు ముందు పెట్టి, తన నడకన దిగసాగింది.