కరువు అందరికీ వచ్చింది కదండీ

మా చరిత్ర మాస్టారు పోయారు. రోలుగుంటలో నేను పనిచేసే బడి ముందు బస్సు ఆపి మరీ చోడవరం కండక్టరు కబురు చెప్పాడు. "నిన్న సాయంత్రం పోయేరమ్మా. పడుకున్నోరు మరి లెగలేదు." పిల్లలు చూస్తున్నారని కూడా లేదు, అక్కడే ఏడ్చేశాను.

చోడవరంలో ఆయన పాఠం చెబుతుంటే ఏ రాజూ సింహాసనం మీద సుఖంగా కూర్చోలేకపోయేవాడు. యుద్ధం గెలిచాడో లేదో, మాస్టారు కండువాతో మీసాల మీది సుద్ద తుడుచుకుని, "బాగుంది. ఆ యేడు ధాన్యం ఎవరింటికెళ్ళింది?" అనేవారు. మనుషులు ఏం చేసినా దాని వెనక తిండీ భూమీ ఉంటాయన్నది ఆయన సిద్ధాంతం. జమీందారీలు రద్దయిన కొత్తరోజులవి. మాకూ అదే నిజమనిపించేది.

ఒకరోజు పాత కరువు గురించి చెబుతూ, "మిషనోళ్ళు గంజి పోసేరు. అందుకే జనం మతం మారేరు" అన్నారు. తరగతిలో క్రైస్తవుల పిల్లను నేనొక్కదాన్నే. అందరూ నావైపు తిరిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తెల్లవారకముందే లేచి మోకరించే మా మామ్మ భక్తినంతా ఓ గంజిముంతలో పోసేస్తే ఊరుకోనా? లేచి నిలబడ్డాను.

"కరువు అందరికీ వచ్చింది కదండీ. మరి అందరూ ఎందుకు మారలేదండీ?"

అయిపోయింది, రేపట్నుంచి నాకు బడి లేదనుకున్నాను. ఆయన చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు.

"నాకు తెలీదమ్మా. ఎవరికి తెలుసు?"

"మా మామ్మకండి."

ఆ సాయంత్రమే మా పేటకి వచ్చారు. మామ్మ కంగారుపడి చెరుగుతున్న చేట పక్కన పడేసింది. ఆయన అరుగు మీద చతికిలబడి, నేనడిగిన మాటే ఆమెను అడిగారు.

"గంజి తాగేం బాబూ, అబద్ధమెందుకు? అయితే ఆ పోసినాయన ముందు నీ పేరేటని అడిగేడు. అందాకా ఒసే, ఒలే అనడమే గానీ మమ్మల్ని పేరెట్టి పిలిసినోడు లేడు."

మర్నాడు తరగతిలో, "నిన్న నేను సగమే చెప్పేను" అని మామ్మ మాట మా అందరికీ చెప్పారు. "సిద్ధాంతం లేకపోతే ఏటడగాలో తెలీదర్రా. అదొక్కటే పట్టుకు కూర్చుంటే అవతలోళ్ళు చెప్పింది వినబడదు." ధాన్యం ప్రశ్న మాత్రం మానలేదు. దాని వెనకే, "వాళ్ళనెవరైనా అడిగేరా?" అన్నది కూడా చేరింది.

అప్పట్నుంచీ నేను ఆయనకు వకీలమ్మనే. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళితే చేతిలో బెల్లంముక్క పెట్టి, "వకీలమ్మా, పిల్లలు ఎదురుచెబితే కూర్చోబెట్టీకు" అన్నారు. కూర్చోబెట్టలేదు మాస్టారూ.

ఆయన మా అరుగు మీద కూర్చున్న ఆ సాయంత్రం ఇంకా నా కళ్ళముందే ఉంది. వెళ్ళడానికి లేచినవారు మెట్టు దిగబోతూ ఆగి, వెనక్కి తిరిగి, "చూసేవా, ఇంతసేపు కూర్చుని నేనూ అడగలేదు. మీ పేరేటమ్మా?" అన్నారు.

మామ్మ కొంగు సవరించుకుని నిటారుగా నిలబడి, ఇంటిపేరుతో సహా చెప్పింది.