ఫాంట్లు అడగడానికి చేసిన ఫోను

రెండేళ్ల కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నా పాత ల్యాప్‌టాప్ ఆగిపోయింది. వారం ముందునుంచే లోపల ఎవరో గోరుతో గీకుతున్నట్టు చప్పుడు వచ్చేది. ఒక ఉదయం నల్లటి తెర మీద రెండు వరుసల ఇంగ్లీషు అక్షరాలు వచ్చి, ఇక కదల్లేదు.

అప్పటికి నేను జగ్గయ్యపేటలో ఒక మేడమీద గదిలో ఒక్కణ్నే ఉంటున్నాను. పెళ్లి చేసుకోలేదు. అర్జీలూ శుభలేఖలూ టైపు చేసి ఇవ్వడం నా పని. మనుషులు నా గదికి ఆ పని మీదే వచ్చేవారు. మిషను చెడిపోయిందని చెబితే గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. మూడు రోజులు నా గొంతు నాకే వినపడలేదు.

ఊళ్లో చూపిస్తే పారేసి కొత్తది కొనుక్కోమన్నారు. నందిగామ బస్టాండు దగ్గర ఒకామె ఎంత పాతవైనా బాగుచేస్తుందని విని, దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. దారిలో చిల్లకల్లు ఊరు దాటాక కూడా సంచి ఒళ్లోంచి దించలేదు.

ఆమె వెనక మూత విప్పి, దుమ్ము ఊది, చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"హార్డ్ డిస్క్ పోయిందండి. దాని బదులు ఎస్ఎస్‌డీ వేసేస్తా, కొత్తదానిలా పరిగెడుతుంది."

"లోపల ఉన్న ఫైళ్లో?"

"వచ్చినన్ని తీస్తా. మరీ ఆశ పెట్టుకోకండి. సాయంత్రం రండి."

సాయంత్రం దాకా నందిగామలో నాకు పని లేదు. కాళ్లు వాటంతటవే గాంధీ బొమ్మ వైపు నడిచాయి. అక్కడి సందులోనే నేనూ నా స్నేహితుడూ తొమ్మిదేళ్లు డీటీపీ షాపు నడిపాం. ఒకే బల్లకి చెరోవైపు కూర్చునేవాళ్లం, ఒకే క్యారేజీలో తినేవాళ్లం. ఇప్పుడక్కడ చెప్పుల షాపు ఉంది.

మేం విడిపోవడానికి కారణం ఒక పెద్దకర్మ కార్డు. చనిపోయింది ఒక ఇంట్లో అన్నగారు. కార్డు మీద దండ వేసి అచ్చయింది తమ్ముడి ఫొటో. పంచిపెట్టేదాకా ఎవరూ చూసుకోలేదు. బతికున్న మనిషి ఆ కార్డు చేత్తో పట్టుకుని, పదిమందిని వెంటేసుకుని షాపుకొచ్చాడు. "ఎవడ్రా ఇది చేసింది?" అన్నాడు. ఆ ఫొటో పెట్టింది నేను. కానీ నా చెయ్యి బల్లకి అవతలివైపు చూపించింది. నా స్నేహితుడు నా వంక ఒక్కసారి చూసి, లేచి నిలబడి, "నాదే పొరపాటండి, క్షమించండి" అన్నాడు. కాలరు పట్టుకున్నారు, తిట్టారు. మర్నాడు అతను షాపుకి రాలేదు. విజయవాడలో ఏదో ప్రెస్సులో చేరాడని తర్వాత తెలిసింది. ఏడాది తిరక్కుండా షాపు మూసేసి నేను జగ్గయ్యపేట వచ్చేశాను.

బాగైన ల్యాప్‌టాప్ తీసుకుని ఆ రాత్రి గదికి వచ్చి తెరిచాను. నిజంగానే పరిగెత్తింది. దొరికిన ఫైళ్లన్నీ ఆమె ఒక ఫోల్డర్‌లో పెట్టింది. ఒకటి తెరిస్తే తెలుగు లేదు. డాలరు గుర్తులూ, బ్రాకెట్లూ, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ పేజీ నిండా. మా పాత ఫాంట్లు లేవు. నా వేళ్లకి అలవాటైన తెలుగు కీబోర్డు లేఔటూ లేదు. షాపు రోజుల్లో అవి ఏ సీడీలోంచో ఇందులోకి ఎక్కించింది నా స్నేహితుడే. నాకు టైపు చేయడమే తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నంబరు ఉంది. పదకొండేళ్లుగా ఉంది. చివరికి నొక్కాను.

హలో అన్నాను. "చెప్పండి," అన్నాడు. నా గొంతు గుర్తుపట్టాడు. అయినా "చెప్పండి" అనే అన్నాడు. నేనూ "మీరు" అనే అడిగాను, ఫాంట్లు ఉన్నాయా అని. ఉన్నాయన్నాడు. పది నిమిషాల్లో వాట్సాప్‌లో పంపి, తనే ఫోను చేశాడు.

"ఫోల్డర్ విప్పండి. అన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొట్టండి. ఇన్‌స్టాల్ అని ఉంటది."

"లేదే."

"ఉంటదండి, కిందకి చూడండి."

"ఓపెన్, ప్రింట్..."

"ఒరే, అది కాదురా, దాని కిందది! ఎప్పుడూ అంతే నువ్వు!"

అవతల ప్రెస్సు మిషను చప్పుడు వినిపిస్తోంది. నేను కిందది నొక్కాను. తర్వాత కీబోర్డు పెట్టించాడు. ముప్పావుగంట పట్టింది. పేజీ మీద పిచ్చి గుర్తులన్నీ ఒక్కసారిగా తెలుగైపోయాయి.

"వచ్చిందా?"

"వచ్చింది." ఊపిరి పీల్చుకుని అన్నాను, "ఆ కార్డు నేను చేసిందేరా."

"తెలుసు. ఆ రోజే తెలుసు."

"మరి ఎందుకు నీదన్నావ్?"

"నేను మీదేసుకుంటే నువ్వు ఒప్పుకుంటావేమోనని చూశా," అన్నాడు. "సరే, ఇక్కడ మిషను మీద అచ్చు ప్లేట్లు ఎక్కించాలి. ఉంటా."

ఆ సాయంత్రం క్షమించమని ఫోనులోనే తెలుగులో టైపు చేసి వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, చదివాడు. జవాబు రాలేదు. ఒకసారి విజయవాడ వెళ్లినప్పుడు ప్రెస్సులుండే వీధి చివరిదాకా నడిచి, అతను ఏ ప్రెస్సులో ఉన్నాడో అడగకుండానే తిరిగొచ్చాను. పని మాత్రం మళ్లీ మొదలైంది. అర్జీల వాళ్లు వస్తున్నారు, పక్కన కూర్చుని తమ గోడు చెబుతారు. నేను వింటూ టైపు చేస్తాను.