పొద్దుగాల మొదలైన నొప్పి

ఆ నొప్పి మా పనిల ఉన్నోళ్లందరికీ ఉంటది. ఎడమ రెక్క కింద మొదలై, మెడకెక్కి, ఛాతిల కూసుంటది. మా అమ్మకు ఉండె, మా అత్తకు ఉండె, నాకు నలభై ఏండ్ల సంది ఉన్నది. నేను ఆసు పోసేదాన్ని. ఆసు అంటే వరుసగ మేకులు కొట్టిన చట్రం. ఆ మేకుల చుట్టు పట్టుదారం తిప్పాలె. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు పోయి రావాలె. నా కొడుకు చిటికి కట్టేటోడు. దారాలను బిగ్గ గుంజి, రంగు అంటొద్దనుకున్న జాగల సైకిల్ ట్యూబు పీలికలు చుట్టి ముడేసుడు. పొద్దుందాక ముంగటికి వంగి కూసునే పని. గసొంటోళ్లకు ఛాతి నొస్తే ఎవరు భయపడతరు? ఉప్పు ఏంచి, గుడ్డల మూటగట్టి కాపడం పెడితే పోతది. గంత దానికి దవాఖానకు పోయి పైసలు దండుగ చేసుకున్నోళ్లను చూసి నవ్వుకునేటోళ్లం. అందరికంటె ఎక్కువ నేనే నవ్విన.

నేను సదివింది మూడో తరగతి దాక. అక్షరాలు కూడబలుక్కుంట రాస్తున్న. తప్పులుంటె ఉండనీ, సంగతి మాత్రం తప్పు రాయ.

పోచంపల్లి దిక్కు నుంచి వచ్చి, ఎల్బీనగర్ రాకముందే హైవేకు లోపలి గల్లీల రెండు అర్రల ఇల్లు కిరాయికి తీసుకున్నం. నేను, కొడుకు, మనుమరాలు. పిల్లకు నాలుగేండ్లున్నప్పుడే కోడలు జ్వరంతోని పోయింది. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణం సేటు పట్టు ఇస్తుండె, మేం చిటికి కట్టి రంగేసి ఇస్తుంటిమి. పిల్లను పెంచింది నేనే. ముద్దు చేసి పెంచలే. తల దువ్వితే నొప్పి లేచేటట్టు దువ్విన, అన్నం ఇడిసిపెడితే మాపటికి అదే పెట్టిన.

అవి రాష్ట్రం కోసం లొల్లి నడుస్తున్న దినాలు. ఇయ్యాల బంద్ అంటే రేపు రాస్తారోకో. హైవే మీద టైర్లు కాల్చిన మరక పోకముందే దాని మీదనే మళ్ల కాలుస్తుండిరి. తమ పానం తామే తీసుకున్న పోరగాండ్ల ఫొటోలకు దండలేసి కరెంటు స్తంభాలకు కట్టేటోళ్లు. వానకు తడిసి ఆ మొఖాలు కరిగిపోతుండె. అవి పూర్తిగ చెరిగిపోకముందే పక్క స్తంభానికి ఇంకోటి వస్తుండె. కూరగాయలకు పోయినప్పుడు తలకాయ వంచుకొని నడిచేదాన్ని. అన్నీ నా మనుమరాలి ఈడు మొఖాలే.

మనుమరాలు డిగ్రీ సదువుకుంట చైతన్యపురిల కోచింగ్‌కు పోతుండె. రాస్తారోకో ఉన్ననాడు అటునుంచి అటే పోయి రోడ్డు మీద కూసుండేది. నేను తిడితే నా కొడుకు అడ్డం వచ్చేటోడు. మన పోరగాండ్లు కూసోకుంటె పరాయోళ్లు వచ్చి కూసుంటరానె అనేటోడు.

ఆ దినం తెల్లారకముందే వాడు లేచి గోడకు ఒరిగి కూసున్నడు. రెక్క గుంజుతుందన్నడు. రెండు రోజుల సంది ఒక్క తీరుగ కట్టినవు, గుంజదా అన్న. ఉప్పు మూట పెట్టిన, నూనె రాసి పండుకోమన్న. మనుమరాలు తయారై, బాపు లేవలేదేందని అడిగింది. అలిసి పండుకున్నడు, లేపకు, నువ్వు పో అన్న. అది చెప్పులేసుకొని పోయింది. మూట చల్లారినప్పుడల్లా మళ్ల ఏంచిన. ఎన్నిమార్లో లెక్క లేదు. వాని ఒంటికి చెమటలు పట్టినయి. కాపడం పనిచేస్తుందనుకున్న.

నడిమి పొద్దుకు వాని పెదవులు నల్లగైనయి. అప్పుడు ఉరికి గల్లీల ఆటో అతన్ని పిలిచిన. ఎల్బీనగర్ చౌరస్తా కాడ రోడ్డంత పోరగాండ్లు. ముంగట లారీలు, బస్సులు, వాటి ఎనుక మా ఆటో. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, దిగి ఉరికి, బతిలాడి, పక్క నుంచి ఎట్లనో తోవ తీయించిండు. అప్పటికి అర్ధగంట పోయింది. దిల్‌సుఖ్‌నగర్ల దవాఖానకు చేరేసరికి వాని తల నా ఒడిలనే ఉన్నది, బరువు మాత్రం మారింది. డాక్టరు నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగిండు. ఇప్పుడే సారూ, గంటైతుందేమో అన్న. ఆ మాట నా నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో ఇప్పటికీ ఎరుక లేదు. వచ్చింది, అంతే.

పదో దినం నాడు చుట్టాలు తినుకుంట కూసున్నరు. ఆటో అతను మంచోడు. దుఃఖం ఆపుకోలేక, ఆ చౌరస్తా కాడ అర్ధగంట ఆగకుంటె అన్న బతుకుతుండె అన్నడు. మనుమరాలు ఇస్తరాకుల చెయ్యి పెట్టి అట్లనే ఉండిపోయింది.

"ఆడ ముంగట కూసున్నది నేనే" అన్నది.

నేను నోరు తెరవాల్సిన జాగ అదే. తెరవలే. పప్పు వడ్డించుకుంట పోయిన.

ఆనాటి సంది పిల్ల తిండి తగ్గింది, మాట తగ్గింది, పని పెరిగింది. దోస్తు దగ్గర తెచ్చుకున్న పుస్తకాలు తీసుకపోయి ఇచ్చొచ్చింది. బట్టలన్నీ మడిచి పెట్టింది. అది ఎన్నడూ బట్టలు మడిచిన పిల్ల కాదు. చెవుల దిద్దులు తీసి డబ్బిల పెట్టి, ఇవి నువ్వు దాచిపెట్టు నాయినమ్మ అన్నది. నాకు ఆ స్తంభాల మీది మొఖాలు యాదికొచ్చినయి. టీవీల మళ్లొక పిల్ల అని చెప్తే లేచి బంద్ చేసేదాన్ని. అది స్నానానికి పోతె తలుపు బయట గిన్నెలు తోముకుంట కూసునేదాన్ని, నీళ్ల చప్పుడు ఆగితే పిలిచేదాన్ని. "ఉన్న" అనేది. ఆ ఒక్క మాట కోసమే పిలుస్తున్ననని దానికీ ఎరుకే.

మా ఇంట్ల రంగునీళ్లు కాగబెట్టేతందుకు కిరోసిన్ స్టవ్ ఉంటుండె. డబ్బా తీసుకపోయి పక్కింటామెకిచ్చిన. ఆమెది గుంటూరు దిక్కు. లొల్లి మొదలైన కాడికెల్లి ఆమెతోని సక్కగ మాట్లాడింది లేదు.

"మమ్మల్ని వెళ్లిపొమ్మంటారు, కిరసనాయిలు మాత్రం మా ఇంట్లో దాస్తారా పెద్దమ్మగారూ?" అన్నది నవ్వి. నా మొఖం చూసి నవ్వు ఆపేసింది. డబ్బా లోపల పెట్టి వచ్చి నా పక్కన గడప మీద కూసున్నది. "పిల్ల వాలకం నేనూ చూస్తున్నానండి. దానికి ఏదో ఒకటి చెప్పండి, మీరు ఊరికే కాపలా కాస్తే ఎన్నాళ్లని కాస్తారు?"

ఏం చెప్పాలె? చెప్పాల్సింది నాకు తెలుసు. చెప్తే నా కొడుకును నేనే పోగొట్టుకున్నట్టు నా నోటితోని నేనే ఒప్పుకున్నట్టు. చెప్పకుంటె ఆ బరువు పిల్ల మోస్తది. పది పన్నెండు దినాలు దానితోనే మోయించిన. ఇది రాయడానికి సిగ్గైతుంది గని రాస్తున్న.

ఒకనాడు పగటీలి అన్నం తిన్నంక నేను పట్టుదారం సేటుకు వాపసు ఇచ్చేతందుకు మూటగడుతున్న. మనుమరాలు అర్రల కొచ్చి నిలబడ్డది.

"నాయినమ్మ, కిరోసిన్ డబ్బా ఏడ వెట్టినవ్?"

"దేనికే?"

"ఊకనే. రంగునీళ్లకు."

రంగేసి నెల కావస్తుంది. వంట గ్యాసు మీదనే. మూట ముడి ఇడిసిపెట్టిన. దాని మొఖంల కోపం లేదు, ఏడుపు లేదు. ఉతికి ఆరేసిన గుడ్డ తీరుగ ఉన్నది. ఇంక ఆలస్యం చేస్తే ఇది గుడ పోతదని తెలిసిపోయింది.

"కూసో" అన్న. కూసోలే. నేనే లేచి నిలబడ్డ. "మీ బాపుకు నొప్పి మొదలైంది తెల్లారకముందు. నువ్వు చెప్పులేసుకునేటప్పుడే ఉన్నది. పండుకున్నడని నీకు అబద్ధం చెప్పిన. నడిమి పొద్దు దాక ఉప్పు మూట పెట్టుకుంట కూసున్న. డాక్టరుకు గంటనే అని చెప్పిన. అర్ధగంట రోడ్డు మీద పోయింది. ఆరు గంటలు నా చేతుల పోయినయి."

అది ఒక అడుగు ముంగటికి వచ్చింది.

"పదో దినం నాడు నేను గా మాటన్నప్పుడు నువ్వు ఆన్నే ఉన్నవు."

"ఉన్న."

"నేను చచ్చిపోదామని తిరుగుతుంటె చూసుకుంట ఉన్నవు."

"ఉన్న."

అప్పుడు లేచింది దానికి కోపం. ఆసు చట్రాన్ని తన్నింది. మేకులు ఊడి అర్రంత పడ్డయి. ముసలిదానా అన్నది. నీ పిసినారితనానికి నా బాపును తిన్నవన్నది. ఆ ఇంట్ల నన్ను ఎదిరించి మాట్లాడినోళ్లు ఎన్నడూ లేకుండె. చెయ్యి లేవబోయింది, దింపుకున్న. పక్కింటామె తలుపు కాడికొచ్చి, నన్ను చూసి, ఎనుకకు పోయింది. నేను కదలలే. నిలబడి పడ్డ. మాటలన్నీ నిజమే కదా, ఏడికని తప్పుకుంట?

గొంతు పోయేదాక తిట్టి కిందపడి ఏడ్చింది. నా మీద పడి కాదు, గోడ దిక్కు తిరిగి. శానాసేపటికి లేచి వంటింట్లకు పోయి కుండల చెయ్యి పెట్టింది. తిట్టుకుంట, ముక్కు తుడుచుకుంట, పచ్చడి కలుపుకొని రెండుమార్లు అన్నం పెట్టుకొని తిన్నది. నేను దర్వాజ కాడ నిలబడి ఆ బుక్కలు చూసిన. తన మీద తనకు కోపమున్నన్ని దినాలు అది ఒక్క ముద్ద సక్కగ తినలే. నా మీద కోపం రాంగనే ఆకలైంది. తిననీ, ఎన్నేండ్లన్న తిననీ అనుకున్న. నా దుఃఖం ఏం తేలిక కాలే. గని ఆ దుఃఖానికి ఒక పని దొరికింది. ఆ పిల్ల కోపానికి ఎదురుంగ నిలబడాలె, ఒరిగిపోవద్దు. దానికోసమన్న నేను తినాలె, లేవాలె.

పదకొండు దినాలు నాతోని మాట్లాడలే. కంచం నా ముంగట దబ్బున పెట్టి పోయేది. పన్నెండో దినం పొద్దుగాల చెవుల దిద్దులు అడిగి తీసుకున్నది. పెట్టుకుంట అన్నది, "అర్ధగంట మాత్రం నాదే. దాన్ని గుడ నువ్వే మోస్తనని నెత్తిన పెట్టుకోకు."

"సరే" అన్న. ఆ అర్ధగంట గుంజుకునే హక్కు నాకు లేదు.

"ఇయ్యాల మళ్ల రాస్తారోకో ఉన్నది. పోతున్న."

పోవద్దని గొంతు దాక వచ్చింది. మింగిన. చెప్పులేసుకొని నేనూ ఎంబడే బయలుదేరిన. వద్దనలే, రమ్మనలే, ముంగట ముంగట నడిచింది.

చౌరస్తా కాడ పోలీసు వ్యాన్లు వరుసగ నిలబడి ఉన్నయి. లాఠీలు, తలకు టోపీలు, వ్యాన్లకు ఇనుప జాలి కట్టిన అద్దాలు. గాలి కదలుత లేదు, టైరు పొగ నెత్తి మీదనే నిలిచింది. ఎప్పుడు ఏమైతదో ఎవరికీ తెలువదు, నవ్వేటోళ్లు గుడ పక్కకు చూసుకుంటనే నవ్వుతున్నరు. మనుమరాలు పోయి దోస్తులకు ఏదో చెప్పి, ఒక పక్క మనిషి పోయేటంత కాదు, బండి పోయేటంత తోవ ఖాళీ చేయిస్తుంది. ఒక పోరడు ఎక్కిరించిండు, తోవ ఇడిస్తే అది రాస్తారోకో ఎట్లయితది, పెండ్లి బరాత్ అయితదన్నడు. మనుమరాలు వాని రెక్క పట్టి జరిపి కూసోబెట్టింది.

నేను ఆ తోవ అంచుకు కొంగు పరుచుకొని కూసున్న. కొంచెంసేపటికి అది వచ్చి నా పక్కనే కూసున్నది, జర దూరంగ, మొఖం అటు తిప్పి. ముంగట నినాదాలు లేచినయి. పోలీసులు ఒక అడుగు ముంగటికి జరిగిండ్రు. అప్పుడే ఎనుక లారీల అవతల ఒక ఆటో హారన్ వినబడ్డది, ఆగకుంట కొడుతున్నరు. మేం ఇద్దరం ఒక్కసారే లేచినం.